అల్లాయ్ వీల్స్‌కి కర్బ్ గీతలు పడకుండా: బెంగళూరు రోడ్ల మీద కారు నడిపేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో ఏ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనైనా ఒక రౌండ్ వేసి కార్ల చక్రాలు గమనించండి. కుడివైపు రెండూ దాదాపు కొత్తగానే ఉంటాయి. ఎడమవైపు, అందులోనూ వెనక చక్రం, అంచు చుట్టూ ఎలుక కొరికినట్టు ఉంటుంది. మనం కూర్చునేది కుడివైపు. కర్బ్, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, ఉండేది ఎడమవైపు. ఆ వెనక చక్రం సీట్లోంచి అస్సలు కనపడదు. పైగా ఈ దెబ్బలేవీ స్పీడులో తగిలినవి కావు. పార్కింగ్ చేస్తూ, మలుపు తిరుగుతూ, ర్యాంప్ దిగుతూ, మనిషి నడిచేంత వేగంలో తగిలినవే.

అందుకే గీత పడగానే చాలామంది చేసే పని, అంటే ఆన్‌లైన్‌లో రిమ్ ప్రొటెక్టర్ స్ట్రిప్ (చక్రం మెటల్ అంచుకి వేసే పట్టీ) ఆర్డర్ పెట్టడం, నా లెక్కలో చివరికి రావాలి. ముందు ఎడమ మిర్రర్, తర్వాత టైర్లలో గాలి, ఆ తర్వాత టైర్ ఎంపిక, అప్పటికీ అవసరమనిపిస్తే స్ట్రిప్. మొదటి రెండింటికీ పెద్దగా ఖర్చే లేదు, ఎక్కువ ఉపయోగం కూడా వాటివల్లే.

మీ రిమ్ ఎంత ఎత్తులో ఉందో ముందు చూసుకోండి

మీ టైర్ మీద 205/55 ఆర్16 అని ఉందనుకోండి. 205 అంటే టైర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే ఆ వెడల్పులో 55 శాతం సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) ఎత్తు, అంటే సుమారు 113 మి.మీ. ఆర్ తర్వాతి 16 రిమ్ వ్యాసం, అంగుళాల్లో. కారు బరువుకి టైర్ అడుగున కాస్త నొక్కుకుపోతుంది. రిమ్ అంచు కూడా టైర్ కూర్చునే చోటు కంటే ఒకటిన్నర సెంటీమీటర్ పైగా బయటికి ఉంటుంది. ఈ రెండూ తీసేస్తే రోడ్డుకీ రిమ్ అంచుకీ మధ్య పది సెంటీమీటర్లు కూడా మిగలవు.

ఇప్పుడు కర్బ్ సంగతి. ఫుట్‌పాత్ కర్బ్ ఎత్తు 150 మి.మీ. దాటకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే రూల్ ప్రకారం కట్టిన కర్బ్ కూడా మీ రిమ్ అంచు కంటే ఎత్తే. రూల్ ప్రకారం కట్టనివి మన వీధుల్లో ఎన్ని ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. డ్రైన్ మీద వేసిన బండలు ఒక్కోచోట మోకాలి దాకా వస్తాయి.

స్టైల్ కోసం పెద్ద రిమ్ములు వేయించుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. 185/65 ఆర్15 ఉన్న కారులో సైడ్‌వాల్ 120 మి.మీ. దాని బదులు 195/55 ఆర్16 వేస్తే 107కి దిగుతుంది. 205/45 ఆర్17 వేస్తే 92. చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. తగ్గేదల్లా రిమ్మునీ రాయినీ వేరుచేసే రబ్బరు.

ఎత్తు తర్వాత చూడాల్సింది వెడల్పు. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు తీసుకుని చక్రం పక్కన నిలువుగా, ఒక కొన టైర్ మీద, ఇంకో కొన రిమ్ మీద వచ్చేలా ఆనించండి. స్కేలు ముందు టైర్‌కి తగిలి, రిమ్ దగ్గర సందు మిగిలితే మీకు కాస్త వెసులుబాటు ఉన్నట్టే, ముందు రాసుకునేది రబ్బరే. స్కేలు నేరుగా రిమ్‌కే తగిలితే చిన్న తాకిడికి కూడా మెటల్ చెక్కుకుపోతుంది. స్పోకులు రిమ్ అంచు కంటే బయటికి ఉబ్బి ఉన్నాయా అన్నది కూడా ఇప్పుడే చూసేయండి. అలా ఉబ్బిన డిజైన్‌ని ఏ స్ట్రిప్పూ కాపాడలేదు.

ఎడమ మిర్రర్

రోడ్డు మీద నడపడానికి సరిపోయేలా పెట్టుకున్న మిర్రర్‌లో వెనక చక్రం కనపడదు. అది మామూలే, ట్రాఫిక్ చూడ్డానికి అలాగే ఉండాలి. పార్కింగ్‌కి మాత్రం అద్దం కిందికి వంగాలి. కొన్ని కార్లలో రివర్స్ గేర్ వేయగానే ఎడమ మిర్రర్ తనంతట తానే కిందికి దిగుతుంది. మీ కారులో ఆ సదుపాయం ఉందేమో సెట్టింగ్స్‌లో వెతకండి, చాలామంది దాన్ని ఆన్ చేయకుండానే ఏళ్ల తరబడి నడిపేస్తుంటారు. లేకపోయినా ఎలక్ట్రిక్ మిర్రర్ ఉంటే చాలు, పార్కింగ్ మొదలుపెట్టే ముందు బటన్ నొక్కి కిందికి వంచండి. అద్దం కింది భాగంలో వెనక టైర్ నేలకి తాకే చోటు, దాని పక్కన కర్బ్ రాయి, రెండూ కనపడాలి. వెనక డోర్ హ్యాండిల్ అద్దం పైభాగానికి వస్తే సుమారుగా కుదిరినట్టే.

చేత్తో తిప్పే మిర్రర్ ఉన్న కారులో ప్రతిసారీ పక్క సీటు మీదికి వంగలేం. అలాంటివాళ్లు ఎడమ అద్దం కింది మూలలో చిన్న గుండ్రటి కుంభాకార అద్దం అంటించుకోవచ్చు. అదే తక్కువ ఖర్చులో వచ్చే మంచి పరిష్కారం.

పార్కింగ్ సెన్సర్లని ఈ విషయంలో నమ్మకండి. బంపర్‌లో ఉండే ఆ సెన్సర్లు కారు వెనకున్న గోడనో ఇంకో కారునో చూస్తాయి. పక్కనున్న పొట్టి కర్బ్ వాటి పరిధిలోకి రాదు. 360 డిగ్రీల కెమెరా ఉంటే బాగా పనికొస్తుంది కానీ, మధ్యలో కనిపించే ఆ కారు బొమ్మ నిజమైన కెమెరా చిత్రం కాదు, దాని అంచుల్ని పట్టుకుని సెంటీమీటర్లు లెక్కపెట్టకూడదు. ఎడమ పక్క కెమెరాని ఒక్కదాన్నే పెద్దగా చూపించే ఆప్షన్ ఉంటే అది పెట్టుకోండి. వానాకాలంలో లెన్స్ మీద బురద చేరుతుంది, వేలితో ఒకసారి తుడిచేయండి.

సెక్యూరిటీ వాళ్ల సంగతీ చెప్పాలి. "బన్ని సార్, బన్ని బన్ని" అంటూ, అంటే కన్నడలో రండి రండి అంటూ, చెయ్యి ఊపుతూ ఉంటారు. వాళ్ల చూపు మీ వెనక బంపర్‌కీ గోడకీ మధ్య ఉన్న దూరం మీదే. ఎడమ చక్రం రాయికి ఆనుతున్నా "బన్ని" ఆగదు. తప్పు వాళ్లది కాదు, వాళ్లు నిలబడిన చోటు నుంచి అది కనపడదు. పక్క సీట్లో ఎవరైనా ఉంటే కిటికీ దించి చక్రం వైపు చూడమనండి. "వదినా, రాయికీ టైరుకీ ఎంత ఉంది?" అని అడిగితే "జానెడు" అని వచ్చే జవాబు ఏ సెన్సర్ బీప్ కంటేనూ నయం.

ముందు ఎడమ చక్రానికి ఒక గుర్తు

వెనక చక్రాన్ని మిర్రర్‌లో చూడొచ్చు. ముందు ఎడమ చక్రం మాత్రం ఏ అద్దంలోనూ సరిగ్గా రాదు. దానికి సీట్లోంచే ఒక గుర్తు పెట్టుకోవాలి.

ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, తిన్నటి కర్బ్ పక్కన కారు ఆపండి. దిగి చూసి, ముందు వెనక రెండు చక్రాలకీ రాయికీ మధ్య ఒక అడుగు దూరం ఉండేలా సరిచేసుకోండి. ఇప్పుడు మళ్లీ మీ సీట్లో, రోజూ కూర్చునే ఎత్తులోనే కూర్చుని ముందుకి చూడండి. కర్బ్ గీత బోనెట్ కిందికి వెళ్లిపోయే చోటు డాష్‌బోర్డ్ మీద ఎక్కడికొస్తుందో చూసి, అక్కడ చిన్న రంగు స్టిక్కర్ ముక్క అంటించండి. తర్వాత ఎప్పుడు ఆపినా కర్బ్ గీత ఆ స్టిక్కర్ దగ్గరికి వచ్చిందంటే అడుగు దూరంలో ఉన్నట్టు. గీత స్టిక్కర్ దాటి కుడివైపుకి, అంటే మీ వైపుకి జరిగితే రాయికి మరీ దగ్గరయ్యారన్నమాట. కారు మారినా, సీటు ఎత్తు మారినా, ఇంట్లో ఇంకొకరు నడిపినా గుర్తు మారుతుంది. భార్యాభర్తలిద్దరూ నడిపే కారైతే రెండు రంగుల స్టిక్కర్లు.

ఇదే సాధన రాయి లేకుండా చేయాలంటే అపార్ట్‌మెంట్ గ్రౌండ్‌లో ఖాళీ అట్టపెట్టెలు వరసగా పెట్టుకోండి. తగిలినా పెట్టే నలుగుతుంది.

ఎడమ కర్బ్ పక్కన ప్యారలల్ పార్కింగ్, వరసగా

రెసిడెన్సీ రోడ్డు, కన్నింగ్‌హామ్ రోడ్డు, విఠల్ మాల్యా రోడ్డు లాంటి టెండర్‌ష్యూర్ (ఫుట్‌పాత్‌తో సహా రోడ్డుని కొత్తగా కట్టే) పద్ధతిలో మళ్లీ వేసిన రోడ్లలో నడిచేవాళ్లకి హాయి. ఫుట్‌పాత్ వెడల్పుగా, కర్బ్ నిటారుగా ఉంటుంది. పార్క్ చేసేవాళ్లకి ఆ నిటారు అంచే గండం. వెనక హారన్ మోగుతుంటే టెన్షన్‌లో తొందరపడతాం. ఇండికేటర్ వేసి, హజార్డ్ లైట్ల జోలికి పోకుండా, ఈ వరసలో వెళ్లండి.

1. ముందున్న కారు పక్కన రెండు మూడు అడుగుల ఎడం ఉంచి, మీ వెనక బంపర్ దాని వెనక బంపర్‌కి సమానంగా వచ్చేలా ఆపండి. ఎడమ మిర్రర్ కిందికి వంచండి.

2. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి, బ్రేక్ మీద కాలు ఉంచి మెల్లగా వెనక్కి రండి. కారు కర్బ్‌కి సుమారు 45 డిగ్రీల వాలులోకి వచ్చాక స్టీరింగ్ నిటారు చేయండి.

3. అలాగే తిన్నగా వెనక్కి వస్తూ మిర్రర్‌లో వెనక ఎడమ టైర్‌నే చూడండి. టైరుకీ రాయికీ మధ్య ఇంకా సుమారు అయిదడుగులు ఉండగానే ఆపండి, స్టీరింగ్ కుడికి తిప్పాక కూడా వెనక చక్రం కర్బ్ వైపే వస్తుంది. చాలామంది ఇంకాస్త ఇంకాస్త అంటూ వెళ్లి గీత పడేసుకునేది ఇక్కడే.

4. మీ ముందు ఎడమ మూల ముందు కారు బంపర్‌ని దాటుతుందని చూసుకుని, స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి వెనక్కి రండి. ఇప్పుడు కారు ముందు భాగం ఎడమకి, అంటే కర్బ్ వైపుకి, ఊగుతూ వస్తుంది. చూపు మిర్రర్ మీంచి డాష్‌బోర్డ్ స్టిక్కర్ మీదికి మార్చండి.

5. కారు కర్బ్‌కి సమాంతరం అయ్యాక ఆపి, స్టీరింగ్ నిటారు చేయండి. అడుగు దూరం మిగిలిందా, చాలు. రాయికి అంటించి పెట్టినందుకు ఎవరూ బహుమతి ఇవ్వరు.

నాలుగో స్టెప్పులో ఉన్న సూత్రం బయటికి తీసేటప్పుడూ వర్తిస్తుంది. ముందు కారు మరీ దగ్గరగా ఉందని, మనం రివర్స్ చేస్తూనే స్టీరింగ్ కుడికి కొడతాం. దాంతో ముందు ఎడమ చక్రం సరాసరి రాయి మీదికి వెళ్తుంది. ముందు తిన్నగా వెనక్కి వెళ్లి ఆపండి, ఆ తర్వాత కుడికి తిప్పి ముందుకి కదలండి.

ఒకవేళ "కర్ర్" మని చప్పుడు వినపడితే వెంటనే ఆపేయండి. స్టీరింగ్ తిప్పకండి. ఏ దారిలో వచ్చారో అదే దారిలో, స్టీరింగ్ అలాగే ఉంచి వెనక్కి వెళ్లండి. రాయికి ఆనిన చక్రాన్ని నిలబడ్డ చోటే తిప్పితే అంగుళం గీత కాస్తా జానెడవుతుంది. చప్పుడు వచ్చాక కూడా "ఎలాగూ తగిలిందిగా" అని లాగించేస్తే గీత చక్రం చుట్టూ తిరిగిపోతుంది.

ఎడమ మలుపు, ఎడమ సందు

మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి వైపుకి కోసుకుని వస్తాయి. ఎంత లోపలికి అన్నది లెక్కవేయొచ్చు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.6 మీటర్లు ఉన్న కారు, ముందు చక్రం 5 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే వెనక చక్రం దాదాపు 70 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది. ముందు చక్రం కర్బ్ మూలని రెండడుగుల దూరంలో దాటినా వెనకది ఎక్కేస్తుందన్నమాట. కాబట్టి ముందు చక్రం మూల దగ్గరికి రాగానే కాదు, మీ ఎడమ మిర్రర్ మూలని దాటాక తిప్పడం మొదలుపెట్టండి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బీటీఎం లాంటి చోట్ల క్రాస్ రోడ్ల మూలలకి ఇది బాగా పనికొస్తుంది.

చిక్కేమిటంటే, మలుపుకి ముందు కాస్త కుడికి జరిగితే ఆ ఎడమ సందులోకి బైకులు దూరతాయి. వాళ్లని దూరనివ్వకూడదని మనం కర్బ్‌ని రాసుకుంటూ తిప్పుతాం. డెలివరీ బాయ్‌ని ఆపగలిగామన్న తృప్తి మిగులుతుంది, రిమ్ముకి గీతా మిగులుతుంది. బైక్ వెళ్లనివ్వండి. ఇండికేటర్ ముందే వేసి, మిర్రర్ చూసి, సందు ఖాళీ అయ్యాక తిప్పండి.

మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఇరుకు వీధుల్లో ఎదురుగా టెంపో ట్రావెలర్ వస్తే దారివ్వడానికి ఎడమకి ఒత్తుకుంటాం. కదులుతూ ఒత్తుకోకండి. వెడల్పున్న చోట ముందే ఆగిపోయి వాళ్లని రానివ్వండి. వాన పడ్డాక రోడ్డు అంచున నీళ్లు నిలిచి ఉంటే ఆ నీళ్ల కింద పగిలిన కర్బ్ రాయో, మూత లేని డ్రైన్ మూలో ఉండొచ్చు. నీళ్లలోకి చక్రం దింపకుండా ఉండటమే మంచిది.

కర్బ్ ఎక్కక తప్పని పరిస్థితి ఉంటుంది, ఇంటి గేటు ముందో, ఫంక్షన్ హాల్ దగ్గరో. పక్కగా, సన్నటి కోణంలో ఎక్కితే సైడ్‌వాల్, రిమ్ రెండూ రాసుకుపోతాయి. వీలైనంత ఎదురుగా, పాకినట్టు ఎక్కించండి. రాయి మీ బంపర్ అడుగుకంటే ఎత్తుంటే ఆ ఆలోచనే మానుకోండి.

ర్యాంపులు, టోల్ గేట్లు, బంకులు

మాల్స్‌లో గుండ్రంగా తిరిగే ర్యాంపుల లోపలి అంచున పసుపు, నలుపు రంగు వేసిన పొట్టి గోడ ఉంటుంది. దాని మీద నల్లటి టైర్ మరకలు, మధ్యమధ్యలో వెండి రంగు గీతలు చూడండి. మీకంటే ముందు వెళ్లినవాళ్ల రిమ్ములు తగిలిన చోట్లు అవే. ఆ మరకలు మొదలయ్యే చోటుకి రాకముందే బయటి అంచు వైపు జరగండి.

కుడివైపు చక్రాలకి దెబ్బ తగిలేది ఎక్కువగా టికెట్ తీసుకునే చోటే. మిషన్ బటన్ అందడం కోసం కాంక్రీట్ దిమ్మెకి ఆనుకుంటాం. చెయ్యి అందకపోతే డోర్ తీసి నొక్కండి, అందులో చిన్నతనమేం లేదు. జాతీయ రహదారుల టోల్ ప్లాజాల్లో 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ఎయిర్‌పోర్టు దారిలోనైనా, హైదరాబాద్ వైపు వెళ్లేటప్పుడైనా బూత్ కిటికీకి దగ్గరగా వెళ్లాల్సిన పని ఇప్పుడు లేదు, లేన్ మధ్యలో నడవండి. పెట్రోల్ బంకులోనూ అంతే, పైపు పొడవు చాలానే ఉంటుంది.

సొంత పార్కింగ్ స్లాట్ ఉంటే అక్కడ రబ్బరు వీల్ స్టాపర్లు బిగించుకోవచ్చు. అసోసియేషన్ మీటింగ్‌లో ర్యాంప్ మలుపు దగ్గర కర్బ్‌కి రిఫ్లెక్టివ్ పెయింట్ వేయించమని అడగండి. మెయింటెనెన్స్ డబ్బు దీనికంటే అధ్వాన్నమైన వాటికి పోతూనే ఉంటుంది.

గాలి, టైర్

గాలి తగ్గితే సైడ్‌వాల్ కూలబడుతుంది. రిమ్ రాయికి దగ్గరవుతుంది, గుంతలో పడ్డప్పుడు రిమ్‌కీ రోడ్డుకీ మధ్య టైర్ నలిగిపోతుంది. డ్రైవర్ డోర్ తీస్తే పక్కనున్న పిల్లర్ మీద, లేదా పెట్రోల్ మూత లోపల, కంపెనీ చెప్పిన గాలి ఒత్తిడి (పీఎస్ఐ) ఉంటుంది. అక్కడ రెండు అంకెలుంటాయి, ఒకటి మామూలు బరువుకి, ఇంకోటి కారు నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు రెండోది చూడాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. దూరం తిరిగొచ్చి కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకూడదు. రాయి నుంచి కాపాడుతుందని కంపెనీ అంకె మించి కొట్టించినా తప్పే, గ్రిప్ తగ్గుతుంది.

టైర్లు మార్చే సమయం వస్తే రిమ్ ప్రొటెక్షన్ ఉన్నవి అడగండి. కొన్ని టైర్లకి సైడ్‌వాల్ కింది భాగంలో, రిమ్ పక్కనే, చుట్టూ రబ్బరు కట్ట లాగా ఉబ్బు ఉంటుంది. అది రిమ్ కంటే బయటికి వచ్చి దెబ్బ తాను తీసుకుంటుంది. కొన్ని కంపెనీలు సైడ్‌వాల్ మీద ఎఫ్ఆర్ అనో, ఎంఎఫ్ఎస్ అనో అక్షరాలు వేస్తాయి. గుర్తు లేకపోయినా వేలు పెట్టి తడిమితే తెలిసిపోతుంది. స్ట్రిప్పులకి పెట్టే డబ్బు ఇందులో పెడితే నాలుగేళ్లు పనిచేస్తుంది. వెడల్పు రిమ్‌కి సన్నటి టైర్ సాగదీసి ఎక్కించడం దీనికి సరిగ్గా వ్యతిరేకం. 205/55 ఆర్16 టైర్‌కి 5.5 నుంచి 7.5 అంగుళాల వెడల్పు రిమ్ దాకా ఒప్పుతుంది, పై అంచుకి వెళ్లేకొద్దీ రిమ్ బయటపడుతుంది.

ఇక స్ట్రిప్పుల సంగతి

జేసీ రోడ్డు యాక్సెసరీ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికేవి రెండు రకాలు. ఒకటి డబుల్ సైడ్ టేప్‌తో రిమ్ అంచుకి అంటించేది. రెండోది టైర్‌కీ రిమ్‌కీ మధ్య దూర్చి బిగించే నైలాన్ రింగ్. రెండోది గట్టిదే. కానీ దానికి టైర్ గాలి తీసి, బీడ్ (రిమ్‌ని పట్టుకుని ఉండే టైర్ అంచు) వెనక్కి నెట్టి, మళ్లీ నింపి బ్యాలెన్సింగ్ చేయించాలి. ట్యూబ్‌లెస్ టైర్ గాలి నిలిచేది ఆ బీడ్ దగ్గరే. నేనైతే దాని జోలికి వెళ్లను. చేయించినా సబ్బు నీళ్లు పోసి బుడగలు రావట్లేదని చూశాకే బయల్దేరండి.

అంటించే రకం మీరే వేసుకోవచ్చు. రిమ్ అంచున కనీసం అయిదారు మిల్లీమీటర్ల చదును ఉండాలి, గుండ్రటి అంచు మీద నిలవదు. 16 అంగుళాల చక్రానికి చుట్టుకొలత సుమారు 1.4 మీటర్లు, నాలుగింటికీ ఆరు మీటర్ల లోపే సరిపోతుంది. అంచున బిగించిన సీసం బ్యాలెన్సింగ్ ముక్కలు ఉంటే ముందు టైర్ షాపులో వాటిని తీయించి, లోపల అంటించే రకం వేయించండి.

చక్రం కడిగి ఆరబెట్టాక అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గుడ్డ నల్లగా వస్తున్నంతసేపు తుడుస్తూనే ఉండాలి. టైర్ పాలిష్ వాడే అలవాటుంటే వారం ముందే మానేయండి, ఆ జిడ్డు మీద ఏ టేపూ అంటదు. వాల్వ్ దగ్గర మొదలుపెట్టి, టేప్ మీది పేపర్ జానెడు జానెడు చొప్పున తీస్తూ, బొటనవేలితో గట్టిగా అదుముతూ వెళ్లండి. స్ట్రిప్‌ని సాగదీయకూడదు. సాగదీస్తే రెండ్రోజుల్లో అది వెనక్కి ముడుచుకుని కొసలు లేస్తాయి. చివర రెండు కొసల మధ్య రెండు మిల్లీమీటర్లు వదలండి, ఎండకి వ్యాకోచిస్తుంది. ఈ రకం ఫోమ్ టేపులు పూర్తి పట్టు పట్టడానికి మూడు రోజుల దాకా తీసుకుంటాయి. అప్పటిదాకా వాటర్ గన్ కొట్టించకండి.

ఇంతా చేసి, అది తేలిగ్గా రాసుకున్నప్పుడే కాపాడుతుంది. గట్టిగా తగిలితే స్ట్రిప్ ఊడుతుంది, గీతా పడుతుంది. కొస లేచిందంటే మొత్తం పీకేయండి, హైవే మీద ఊడి వేలాడకూడదు. సిరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలు పడవని చెప్పే షాపులున్నాయి. బ్రేక్ దుమ్ము సులువుగా పోవడానికి అది పనికొస్తుంది. రాయి ముందు ఆ పొర ఎందుకూ పనికిరాదు.

వేరేవాళ్ల చేతిలో పెట్టినప్పుడు

వాలే పార్కింగ్‌కి ఇచ్చే ముందు నాలుగు చక్రాలకీ ఫోటో తీసుకోండి. సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో వీల్స్ స్థితి రాయించండి. పంక్చర్, టైర్ షాపుల్లో మెషిన్ తలకి ప్లాస్టిక్ ముక్క ఉందో లేదో చూడండి. అది లేకుండా లాగితే కర్బ్ చేయని గాయం అక్కడ అవుతుంది. "అన్నా, అల్లాయ్, ప్లాస్టిక్ వేసి చేయి" అని ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

గీత పడిపోతే

ముందు అందం సంగతి పక్కన పెట్టి భద్రత చూడండి. సైడ్‌వాల్ మీద బుడగలా ఉబ్బితే లోపలి దారాలు తెగినట్టు, ఆ టైర్ మార్చాల్సిందే. రిమ్ అంచు వంగిందా, పగులు ఉందా చక్రం వెనకవైపు కూడా చూడండి. 80 దాటాక స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ పోయుండొచ్చు, రిమ్ వంగుండొచ్చు. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ వంకరగా ఉంటే అలైన్‌మెంట్ తప్పినట్టు. వారంలో ఒక్క టైర్‌లోనే గాలి తగ్గుతుంటే అనుమానించండి. పగిలిన అల్లాయ్‌కి వెల్డింగ్ చేస్తామంటారు, ఒప్పుకోకండి.

ఉత్త గీతే అయితే చక్రం ఏ రకమో తెలియాలి. చక్రం ముఖం మీద వెలుతురు పడేలా చూస్తే సన్నటి గుండ్రటి గీతలు కనిపిస్తూ, లోతు భాగాలు నల్లగా ఉంటే అది డైమండ్ కట్. దాన్ని సీఎన్‌సీ లేత్ మీద మళ్లీ కోయాలి. కోసిన ప్రతిసారీ మెటల్ పలచబడుతుంది, ఒకటి రెండుసార్లకి మించి కుదరదు. దానికి ఇంట్లో గరుకు కాగితం పెట్టకండి. గీతలోంచి నీళ్లు లోపలికి దిగితే పైనున్న పారదర్శక పూత (క్లియర్ కోట్) కింద తెల్లటి దారాల్లా తుప్పు పాకుతుంది. షాపుకి వెళ్లేలోపు ఆ చోటు ఆరబెట్టి కాస్త క్లియర్ కోట్ పూసి ఉంచండి.

మామూలు సిల్వర్ పెయింట్ చక్రమైతే చిన్న గీతని ఇంట్లోనే సరిచేయొచ్చు. సబ్బుతో కడిగి ఆరనివ్వండి. టైర్‌కీ రిమ్‌కీ మధ్య పాత విజిటింగ్ కార్డులు వరసగా దూర్చండి, పెయింట్ రబ్బరు మీద పడదు. 240 నంబరు గరుకు కాగితంతో పదునులు తీసి, 400తో నున్నగా చేయండి. లోతున్న చోట మెటల్ పుట్టీ పెట్టి, గట్టిపడ్డాక మళ్లీ 400, 600. కళ్లు మూసుకుని వేలు పోనిస్తే గట్టు తెలియకూడదు. స్పోకుల వెనక బ్రేక్ డిస్క్ మీద న్యూస్ పేపర్ కప్పండి. ప్రైమర్, సిల్వర్, క్లియర్ కోట్, ఒక్కోటి పలచగా రెండు మూడు పొరలు, పొరకీ పొరకీ మధ్య పది పదిహేను నిమిషాలు. గాలిలో తేమ ఉన్న వాన సాయంత్రం ఈ పని పెట్టుకోకండి, క్లియర్ కోట్ తెల్లబడుతుంది.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేద్దామా అని అడిగేవాళ్లుంటారు. 1500 సీసీ లోపు కారుకి 1,000 రూపాయలు, అంతకుమించితే 2,000 తప్పనిసరిగా మన జేబులోంచే పోతుంది. క్లెయిమ్ లేని ఏళ్లు పెరిగేకొద్దీ ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే ఎన్‌సీబీ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి వస్తుంది. ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియం 10,000 ఉండి 50 శాతం తగ్గింపు వస్తున్నవాళ్లకి వచ్చే ఏడాదే 5,000 ఎక్కువ కట్టాలి, తర్వాతి ఏళ్లలోనూ ఆ తగ్గింపు మళ్లీ మెట్టు మెట్టుగానే వస్తుంది. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉంటే లెక్క వేరు, పాలసీ పేపర్లలో చూడండి. లేకపోతే ముందు రిపేర్ షాపులో కొటేషన్ తీసుకుని, దాన్ని పోయే ఎన్‌సీబీ పక్కన పెట్టి చూశాకే ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయండి.